ఇంటర్వ్యూ లేని దేశం

నన్ను విదేశాలకు పంపి చదివించాలన్నది మా అన్నయ్య కోరిక. నాది కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే తరువాత జరిగినదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎక్కడ ఏ లిఫ్టు ఆగినా అతని ఫోను మోగేది. లోపల ఇరుక్కున్నవాళ్ళు కంగారుపడకుండా బయటినుంచి కబుర్లు చెబుతూ తలుపు తీయడంలో అతన్ని మించినవాళ్ళు లేరు. ఆ కబుర్లలో సగం మంది, మా అబ్బాయి ఫలానా దేశంలో చదువుతున్నాడనో, మా అమ్మాయి ఫలానా చోట సీటు తెచ్చుకుందనో చెప్పేవారట. విని విని అతనికీ ఆశ పుట్టింది. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచి పెద్దచేసింది అతనే. కాబట్టి ఆ ఆశకు నేనే దిక్కు.

నేనేమో ఈతకొలనులో చిన్నపిల్లలకు ఈత నేర్పుతాను. నీళ్ళు చూడగానే శోకాలు పెట్టిన పిల్ల, కొన్నాళ్ళకి నా చెయ్యి వదిలేసి తనంతట తాను నాలుగు బారలు వేసి, ఒడ్డు పట్టుకుని వెనక్కి తిరిగి నావైపు చూస్తుంది. ఆ చూపు కోసం నేను ఎంత పొద్దున్నైనా లేస్తాను. ఆ పని వదిలి ఎక్కడికీ పోవాలని నాకు లేదు. కానీ అన్నయ్య మొహం చూసి కాదనలేక "చూద్దాంలే" అన్నాను. మా ఇంట్లో "చూద్దాంలే" అంటే సగం వద్దని. అన్నయ్య మిగతా సగం పట్టుకున్నాడు.

"వీసా సులువుగా వచ్చే దేశం చూడు. మన బుల్లికి అసలే మార్కులు అంతంతమాత్రం" అని ఆ పని వదినకు అప్పజెప్పాడు. "నీకైతే కాస్త అనుభవముందిగా."

ఆ అనుభవం ఏమిటో నాకు పైపైన తెలుసు. పెళ్ళికి ముందు వదిన ఏదో చదువుకని ఒక దేశానికి దరఖాస్తు పెట్టింది, వీసా ఇవ్వలేదు. అంతే. ఎప్పుడైనా ఆ మాట వస్తే, "నా మొహం నచ్చలేదు వాళ్ళకి" అని నవ్వేసేది.

వదిన దంతాలు తయారుచేసే ల్యాబులో పనిచేసేది. డాక్టర్లు పంపిన అచ్చు ముందు పెట్టుకుని, పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర పూసి, చిన్న కొలిమిలో కాల్చి పన్ను చేసేది. "పళ్ళు తెల్లగా ఉంటాయనుకుంటారు గాని, చిగుళ్ళ దగ్గర పసుపు, కొసన కాస్త నీలం. ఉత్త తెలుపు వేస్తే గోడకి సున్నం కొట్టినట్టుంటుంది" అనేది. మా భవనంలో పిల్లలు ఆమెను పళ్ళత్త అని పిలిచేవారు. మొదటిసారి కలిసినప్పుడు తన మొహం చూడకుండా పళ్ళే చూసిందని అన్నయ్య ఇప్పటికీ దెప్పుతాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ మాట ఎత్తడం ఇంట్లో అందరం మానేసి చాలా కాలమైంది.

ఆ చలికాలమంతా, సాయంత్రం పనులయ్యాక వదిన వంటింటి బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చునేది. నేను ఎదురుగా కూర్చుని తడిజుట్టు ఆరబెట్టుకునేదాన్ని.

"ఇదిగో బుల్లీ, ఈ దేశం చూడు. భాష పరీక్ష లేదు. కానీ పోలీసుల దగ్గరనుంచి మంచిదాన్నని రాయించుకు రావాలట."

"నేను మంచిదాన్నని పోలీసులకెలా తెలుసు?"

"అదీ నిజమే. పోనీ ఇది? ఊరినిండా కాలువలే. ఇళ్ళ ముందే పడవలు కట్టేసుకుంటారు. నీకు బావుంటుంది."

"చలిగా ఉంటుందా?"

"కాలువలే గడ్డ కడతాయి. అప్పుడు వాటిమీద నడుస్తారట." ఆ మాట అని వదిన కాసేపు తెర మీది బొమ్మనే చూస్తూ ఉండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి వాసన వచ్చేదాకా ఇద్దరికీ తెలియలేదు.

రోజులు గడిచేకొద్దీ ఒకటి గమనించాను. నాకు కోర్సు వెతకడానికి కూర్చున్న మనిషి, కోర్సు సంగతి అరనిమిషంలో ముగించి, ఆ ఊళ్ళ గురించి చదివేది. అక్కడ ఎండ ఎన్నింటికి వస్తుంది, అద్దెగది కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, బడికి నడిచి వెళ్ళొచ్చా. నన్ను పంపడానికి ఇంత శ్రద్ధ పడుతోందనుకుని మనసులో కాస్త సిగ్గుపడ్డాను కూడా.

చివరికి అన్నయ్య పోరు పడలేక ఒక శనివారం ఇద్దరం సలహాలిచ్చే ఆఫీసుకి వెళ్ళాం. అది నడిపేది బడిపంతులుగా పనిచేసి మానేసిన పెద్దాయన. అందరూ వీసా మాస్టారు అంటారు. గోడనిండా ప్రపంచపటం. దానిమీద ఎర్ర గుండుసూదులు, ఆకుపచ్చ గుండుసూదులు.

"దేశాలు మూడు రకాలమ్మా" అన్నాడు ఆయన, పాఠం మొదలుపెట్టినట్టు. "కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవి ఒక రకం. కాగితాలు చూసి ఊరుకునేవి రెండో రకం. కాలేజీ మాట నమ్మి వీసా ఇచ్చేవి మూడో రకం. అవి కొన్నే ఉన్నాయి, ఇదిగో ఈ ఆకుపచ్చవి. మీ అమ్మాయికి ఇందులో ఒకటి చూద్దాం."

"మా ఆడపడుచండీ" అంది వదిన.

"ఎవరైతేనేం. ఏం చదువుతావమ్మా?"

"ఈత" అన్నాను.

"ఈతకి వీసా ఇవ్వరమ్మా, ఒడ్డుకే రానివ్వరు. హోటల్ నిర్వహణ రాసుకుందాం. అందరూ అదే చదువుతున్నారు. సరే, వీసాకి ఇంటర్వ్యూ లేకపోయినా కాలేజీవాళ్ళు ఒకసారి ఫోన్లో మాట్లాడతారు. ఇప్పుడు నేనే కాలేజీ అనుకో. ఈ కోర్సే ఎందుకు చదవాలనుకుంటున్నావు?"

"మా అన్నయ్య..."

"అన్నయ్య సంగతి వద్దు. నీకెందుకు?"

నేను గుండుసూదులు చూశాను, కిటికీ చూశాను, నా గోళ్ళు చూసుకున్నాను. ఆయన నిట్టూర్చి వదినవైపు తిరిగాడు. "మీరొకసారి చెప్పి చూపించండమ్మా. ఏ కోర్సైనా సరే. జవాబు ఎలా ఉండాలో ఈ అమ్మాయికి తెలుస్తుంది."

"నేనా?" అంది వదిన. చీర కొంగు సర్దుకుంది. ఏదో రెండు ముక్కలు చెబుతుందనుకున్నాను.

"నేను పళ్ళు చేస్తాను" అని మొదలుపెట్టింది. "ఒకరోజు మా ల్యాబుకి ఒకావిడ వచ్చింది. నల్లద్దాలు తీసింది. ఎడమకన్ను పోయింది, గాజుకన్ను పెట్టారు. అది ఆవిడ కన్నులా లేదు. రంగు వేరు, సైజు వేరు. కుడికన్ను నావైపు చూస్తుంటే అది గోడవైపు చూస్తోంది. 'పళ్ళు ఇంత బాగా చేస్తారట, నాకో కన్ను చేసిపెట్టలేరా తల్లీ' అని అడిగింది. రాదన్నాను. ఆవిడ మళ్ళీ అద్దాలు పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మాస్టారూ, మేం కట్టుడుపళ్ళ చిగుళ్ళకి వాడే పదార్థంతోనే కళ్ళూ చేస్తారు. కన్నంటే గుండ్రటి గోళీ కాదు, చిన్న చిప్పలా ఉంటుంది. నల్లగుడ్డు కుంచెతోనే వెయ్యాలి, పొర మీద పొర. పన్ను వేసినట్టే. నా చేతికి ముప్పావు పని వచ్చు. ఆ మిగతా పావు నేర్పే బళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందుకే నాకు ఆ చదువు కావాలి. ఇప్పుడు కాదు, పెళ్ళికి ముందునుంచీ కావాలి."

వీసా మాస్టారు చేతిలో పెన్ను కింద పెట్టాడు.

"ఇంతకీ అమ్మా, వెళ్ళేది ఎవరు?"

వదిన ఉలిక్కిపడింది. మొహమంతా ఎర్రబడింది. "ఊరికే చెప్పానండీ. మీరు చెప్పమన్నారని" అంది.

"అలాంటి బడి ఈ పచ్చసూదుల్లో ఒకచోట ఉన్నట్టు గుర్తు. చేతిపనుల బడి. ఉత్తరాన, చలిదేశంలో..."

ఆయన ఊరి పేరు గుర్తు తెచ్చుకునేలోపే వదిన చెప్పేసింది. బడి పేరూ, వీధి పేరూ కూడా.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సు ఎక్కకుండా నడిచాం. సన్నగా చినుకులు పడుతుంటే మూసి ఉన్న చెప్పుల దుకాణం చూరు కింద నిలబడ్డాం.

"వదినా, అప్పుడు వీసా ఎందుకివ్వలేదు?"

వదిన కొంగు తలమీదికి లాక్కుంది. తరువాత రోడ్డువైపు చూస్తూ చెప్పింది.

"అద్దం అవతల ఒకాయన కూర్చున్నాడు. అన్నీ బాగానే చెప్పాను. చివర్లో, చదువయ్యాక తిరిగి వస్తావా అన్నాడు. వస్తానండీ అనాలి. అందరూ అదే అంటారు. నాకు వెంటనే మాట రాలేదు బుల్లీ. తిరిగి రావాలని ఉందో లేదో నాకే తెలియలేదు. ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ ఒక్క క్షణం చాలు వాళ్ళకి."

"అబద్ధం చెప్పేయాల్సింది."

"చెప్పేదాన్నే. తట్టలేదు." నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "అందుకే నీకోసం ఇంటర్వ్యూ లేని దేశాలు వెతికాను. వెతుకుతూ వెతుకుతూ నాకోసం వెతకడం ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు. తప్పేనా?"

"నాకు వెళ్ళాలనే లేదు వదినా. మొదటినుంచీ లేదు" అన్నాను. అంతకుముందు ఎవరితోనూ అనని మాట. అన్నాక ఒళ్ళు తేలికపడింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, నడిరోడ్డు పక్కన పిచ్చివాళ్ళలా నవ్వాం. తరువాత ఆమె కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం నేనే అన్నయ్యకు చెప్పాను. అన్నయ్య చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా ఉంది.

"అన్నయ్యా, నేను వెళ్ళను. నాకిష్టం లేదు. వెళ్ళాలని ఉన్నది వదినకి."

అన్నయ్య నన్ను చూశాడు. తరువాత వదినను చూశాడు. ఆమె గిన్నె మీద మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"నిజమా?"

ఆమె తలూపింది.

"ఇన్నేళ్ళనుంచీ?"

మళ్ళీ తలూపింది.

"మరి నాతో ఒక్క ముక్క అనలేదేం? నేను వద్దంటాననుకున్నావా?"

"మీరు వద్దనరని తెలుసండీ" అంది వదిన. "సరే వెళ్ళమంటారు. అంటే నేను నిజంగా వెళ్ళాల్సి వస్తుంది. అందుకే అడగలేదు."

అన్నయ్య కంచం ముందునుంచి లేచాడు. ఎక్కడో లిఫ్టు ఆగిందని చెప్పి చొక్కా తొడుక్కున్నాడు. ఫోను మోగలేదని మా ఇద్దరికీ తెలుసు. వెళ్ళి బయట ఎంతసేపు తిరిగాడో గాని, వచ్చాక చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే అడిగాడు.

"నన్ను కూడా రానిస్తారా?"

"రానివ్వరు. ఏడాది చదువుకి భర్తకి వీసా ఇవ్వరట."

"ఊఁ" అన్నాడు. కంచం ముందు కూర్చున్నాడు. "చల్లారిపోయింది, వేడిచెయ్యి" అన్నాడు. మర్నాడు పొద్దున్న లేచేసరికి అటక మీద ఉన్న పెద్ద పెట్టె కిందికి దిగి, దుమ్ము తుడిచి, హాల్లో నిలబెట్టి ఉంది.

బడివాళ్ళు వదినతో ఫోన్లో మాట్లాడారు. ఆమె చేసిన పళ్ళ ఫోటోలు అడిగారు. సీటు ఇచ్చారు. మిగతాదంతా బడే చూసుకుంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. వీసా వచ్చిన రోజు ఆమె దాన్ని చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడి, "ఇంతేనా? ఇన్నేళ్ళూ నేను భయపడింది దీనికా?" అని ఏడ్చేసింది. అన్నయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి, నావైపు చూసి, టీ పెట్టమని సైగ చేశాడు.

ఆమె వెళ్ళాక ఇల్లు పెద్దదైపోయింది. అన్నయ్య చేతులు ఊరుకోలేదు. తలుపుల కీళ్ళకి నూనె పోశాడు. కారని కుళాయి విప్పి బిగించాడు. మా భవనం లిఫ్టుని ఎంతగా సవరించాడంటే, చప్పుడు లేక, అది వచ్చిందో లేదో తెలియక జనం తలుపు ముందు తెల్లమొహాలు వేసుకుని నిలబడేవారు. అక్కడ మధ్యాహ్నమయ్యేసరికి ఇక్కడ సాయంత్రం. వదిన ఫోను బల్ల మీద ఆనించి పెట్టి పని చేసుకునేది. అన్నయ్య ఇటు కూర్చుని చూసేవాడు. మాటలు తక్కువ. కుంచె కడిగిన చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు, కిటికీ అవతల తెల్లగా ఏదో రాలడం.

ఆమె చెప్పేటప్పుడు మాత్రం ఊపిరి తీసుకోకుండా చెప్పేది. కంటి తెల్లగుడ్డు మీద నరాలు ఎర్ర పట్టుదారం పోగులతో వేస్తారట. ఒక్కో పోగునీ విడదీసి, తడిపి, సూదిమొనతో వంకరలు తిప్పి అతికించాలి. పక్కసీట్లో కూర్చునేది ఒకప్పటి ఓడ వంటవాడు. అంత లావు వేళ్ళతో అంత సన్నటి పోగులు ఎలా పడతాడో చూసి తీరాలి. నేర్పేది ముసలావిడ, మెచ్చుకోవాలనుకుంటే మాట్లాడకుండా ముక్కు ఎగబీలుస్తుంది.

"మొన్న ఆ ముసలావిడ, గుర్తున్న కన్ను ఏదైనా వెయ్యమంది" అని చెప్పింది ఒకసారి. "మీది వేశాను."

అన్నయ్య ఉక్కిరిబిక్కిరయ్యాడు. "నాదా? నల్లగా ఒక చుక్క పెట్టేస్తే సరిపోయేదిగా."

"నలుపు ఎక్కడుందండీ మీ కళ్ళలో? చుట్టూ బెల్లం రంగు, లోపల టీ రంగు. ఎడమదాంట్లో అడుగున చిన్న మచ్చ ఉంది. కుడిదాంట్లో కూడా ఉందా లేదా అని రెండు రోజులు ఆలోచించాను. ఒక ఫోటో పంపండి, సరిచూసుకుంటాను."

"వద్దులే" అన్నాడు అన్నయ్య. "నువ్వెలా అనుకున్నావో అలాగే ఉండనీ." ఫోను పెట్టేశాక అద్దం ముందుకు వెళ్ళి రెప్పలు లాగి చూసుకున్నాడు. నేను చూడనట్టు నటించాను.

ఏడాది ముగుస్తుండగా బడివాళ్ళు ఆమెను ఇంకో ఏడాది ఉండమన్నారు. కాలిపోయిన మొహాలకు ముక్కూ చెవీ చేసే పని కూడా నేర్పుతామన్నారు. వీసా పొడిగింపు వాళ్ళే చూసుకుంటారు, మళ్ళీ ఎవరూ ఏమీ అడగరు. వదిన ఆ సంగతి చెప్పి, కుంచె కడగడం మొదలుపెట్టింది.

"ఉండు" అన్నాడు అన్నయ్య. వెంటనే అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు.

ఆ పూట అతను తినలేదు. మర్నాడూ సరిగా తినలేదు. మూడోనాడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, "బుల్లీ, ఆ వీసా మాస్టారి దగ్గరికి నన్నొకసారి తీసుకెళ్ళవే" అన్నాడు.

మాస్టారు నన్ను గుర్తుపట్టి, "ఏమ్మా, ఈత మానేశావా?" అన్నాడు.

"నేను కాదండీ. ఈసారి మా అన్నయ్య."

అన్నయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. "పదో తరగతితో ఆపేశానండీ. నలభై దాటాయి. ఆ ఊళ్ళో నాకు పనికొచ్చే చదువేదైనా ఉందా?"

మాస్టారు ముందు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు. "వాళ్ళ భాష నేర్పే బడి ఉంది. పెద్దవాళ్ళకే. వేసవి అంతా ఉంటుంది. అన్నిటికంటే సులువు వీసా దానికే. సరే, నేనే బడి అనుకోండి. ఈ కోర్సే ఎందుకు?"

"మా ఆవిడ అక్కడుంది."

"అలా చెప్పకూడదండీ."

"మరి అబద్ధం చెప్పమంటారా?"

మాస్టారు తల గోక్కున్నాడు. "వద్దులెండి. అదృష్టం బాగుండి ఇంటర్వ్యూ లేదు."

అలా మా అన్నయ్య, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కి, పలకా బలపం పట్టుకున్న పిల్లాడిలా విదేశాలకు చదువుకోవడానికి వెళ్ళాడు. విదేశాల్లో చదువుతున్న బిడ్డల సంగతులు వినీ వినీ అతను కోరుకున్నది ఇది కాదు గాని, ఇలా జరిగింది. ఆ వేసవిలో నేను ఒక్కదాన్నే ఇంట్లో ఉన్నాను. పగలు పిల్లలతో కొలనులో బాగానే ఉండేది. ఇంటికొచ్చి తాళం తీస్తే, నూనె పోసిన తలుపు చప్పుడు చెయ్యకుండా తెరుచుకునేది. ఏదైనా చప్పుడు చేస్తే బావుండుననిపించేది. వాళ్ళు ఫోన్ చేస్తే ఆ చిన్నగదిలో ఒకే మంచం మీద ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని కనిపించేవారు. వెనకాల కిటికీలో పొద్దు ఎంతకీ గూకేది కాదు.

అన్నయ్య ఆకులు రాలే కాలానికి ఒక్కడే తిరిగొచ్చాడు. వదిన రెండో ఏడు పూర్తయ్యాక వచ్చింది. స్టేషన్లో రైలు దిగుతూనే ముందు నా పళ్ళు చూడలేదు, కళ్ళు చూసింది. ల్యాబు పక్కనే చిన్నగది అద్దెకు తీసుకుని కళ్ళు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ నల్లద్దాల ఆవిడ కోసం చాలా వాకబు చేశాం. ఇల్లు మారిందన్నారు, ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. వేరేవాళ్ళు వచ్చారు. ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ఒక పదేళ్ళ పిల్ల వచ్చింది, కొత్తకన్ను పెట్టుకుని అద్దంలో చూసుకుని, ముందు వాళ్ళమ్మకి కన్నుకొట్టింది.

పని బాగానే సాగింది. అన్నయ్య సంతోషంగానే ఉన్నాడు. అయినా చలికాలం మొదలైతే వాళ్ళిద్దరూ ఒక తీరుగా అయిపోతారు. మొన్న సాయంత్రం అలాగే జరిగింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాం. బయట మబ్బు పట్టింది. వదిన కిటికీవైపు చూసి ఆ దేశపు భాషలో ఒక చిన్నమాట అంది. అన్నయ్య తన వచ్చీరాని యాసతో దానికేదో జవాబిచ్చాడు. ఇద్దరూ మెల్లగా నవ్వుకున్నారు, నవ్వాక మళ్ళీ కిటికీవైపు చూశారు.

"ఏమన్నారు?" అని అడిగాను.

వదిన చెప్పబోయింది. ఆగి, అన్నయ్యను చూసింది. "ఏమంటాం దాన్ని తెలుగులో?" అంది.

అన్నయ్య ఆలోచించాడు. "ఏమీ అనం" అన్నాడు.

నేను నా కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాను. "అయితే ఆ మాటే మళ్ళీ ఒకసారి అనండి. నెమ్మదిగా" అన్నాను.